టైటిల్స్ దగ్గర నుంచి చెప్పు

పోయిన నవంబర్‌లో మా నానమ్మకి కంటి ఆపరేషన్ అయింది. శుక్లాలు. ఆపరేషన్‌కి అరగంట కూడా పట్టలేదు. అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకోవాలి, టైముకి చుక్కలు వేయించుకోవాలి, తలకి నీళ్ళు తగలకూడదు. వీటన్నిటికీ నానమ్మ సరేనంది. ఓ వారం టీవీ చూడొద్దని డాక్టర్ గారు చెప్పినప్పుడు మాత్రం ఆవిడ మొహం చిన్నబోయింది. ఎందుకంటే ఏడున్నర సీరియల్‌లో పెద్దకోడలు పుట్టింటికి వెళ్ళిపోతుందా లేదా అనే చోట కథ ఆగి ఉంది.

చూడకుండా వింటే సరిపోతుంది కదా అని నేనొక లాజిక్ చెప్పాను. ఆవిడ సంగతి నీకు తెలీదు, అద్దాల సందులోంచి తొంగి చూస్తుంది అంది అమ్మ. చివరికి ఆ పని నా మీద పడింది. ఏడున్నరకి నేను హాల్లో సీరియల్ చూడాలి, ఎనిమిదికి గదిలోకి వెళ్ళి నానమ్మకి చెప్పాలి. సెమ్ పరీక్షలు ఉన్నాయన్నా ఎవరూ వినలేదు.

మొదటి రోజు నా రిపోర్టు 40 సెకన్లలో అయిపోయింది. పెద్దకోడలు సూట్‌కేస్ సర్దింది, అత్తగారు చూసింది, మ్యూజిక్ వచ్చింది, ఎపిసోడ్ అయిపోయింది. నానమ్మ ఇంకా చెవి ఇటే పెట్టి కూర్చుంది. అంతేనా అంది. ఏ చీర కట్టుకుందని అడిగింది. నీలం అన్నాను. ఏ నీలం, నెమలికంఠం రంగా, ఆకాశం రంగా అంది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూసిందా, వసారాలోంచి చూసిందా అంది. మొహం ఎలా పెట్టింది అంది. యాంగ్రీగా పెట్టింది అన్నాను.

అప్పుడు నానమ్మ నాకు కోపంలో రకాలు చెప్పింది. మూతి ముడుచుకుందా, కళ్ళెర్రజేసిందా, చిర్రుబుర్రులాడిందా, విసవిసా వెళ్ళిపోయిందా, ఏమీ ఎరగనట్టు తులసికోటకి నీళ్ళు పోస్తూ నిలబడిందా? నేను తెల్లమొహం వేశాను. ఇన్నేళ్ళ చదువులో నా దగ్గర మిగిలినవి రెండే మాటలు. యాంగ్రీ, ఫుల్ యాంగ్రీ.

హాల్లోంచి నాన్న నవ్వి, వీణ్ణి శ్రీలక్ష్మి దగ్గరికి ట్యూషన్‌కి పంపాలి అన్నాడు. ఏ శ్రీలక్ష్మి అని అడిగాను. నాన్న నవ్వు ఆగిపోయింది. నాకేసి నిజంగానే జాలిగా చూశాడు. ఆ రాత్రి భోజనాలయ్యాక యూట్యూబ్‌లో శ్రీవారికి ప్రేమలేఖ పెట్టాడు. నానమ్మ తలుపు తీసి ఉంచమంది. చూడను, వింటానంది. తొంగి చూసిందో లేదో నాకు తెలీదు.

అందులో నటి శ్రీలక్ష్మి గారిది సినిమా పిచ్చి ఉన్న పాత్ర. చూసొచ్చిన సినిమా కథ చెప్పమంటే చాలు, తెర మీద టైటిల్స్ పడే దగ్గర నుంచి మొదలుపెడుతుంది. ఒక్క అక్షరం వదలదు. వినేవాళ్ళ గతి ఏమవుతోందో ఆవిడకి పట్టదు. నేను కింద పడి నవ్వాను. నవ్వుతూ ఉండగానే కొంచెం సిగ్గుగా అనిపించింది. మా ఇంట్లో అలా కథ చెప్పే మనిషి పక్కగదిలోనే ఉంది. ఆవిడ మొదలుపెట్టగానే ఇన్నాళ్ళూ నేను చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేవాణ్ణి.

ఆ సినిమా తీసినాయన జంధ్యాల. పేరు అంతకుముందు విన్నాను. మీమ్స్ చూసే ప్రతివాడూ వినే ఉంటాడు. ఆయన ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు అని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ వారమంతా పరీక్షలకి చదవాల్సిన టైములో ఆయన సినిమాలు చూశాను, ఆయన గురించి దొరికింది చదివాను. తెలుగు చదవడం నాకు నెమ్మది. ఇంగ్లీష్ మీడియంలో పెరిగిన వాళ్ళకి ఆ బాధ తెలుసు, ఒత్తుల దగ్గర బండి ఆగుతుంది. అయినా చదివాను.

ఇక్కడ నా గొడవ కొంచెం చెప్పాలి. మేముండేది షేక్‌పేట వైపు. రోజూ ఫిల్మ్ నగర్ మీదుగానే వెళ్తాను. ఫిల్మ్ చాంబర్, కొండ మీద రామానాయుడు స్టూడియో, హోర్డింగులు, నల్ల అద్దాల కార్లు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా ఆ గేట్ల లోపల ఏదో వేరే లోకం ఉందనే అనుకునేవాణ్ణి. ఊహలన్నీ అక్కడ పుడతాయని, మన ఇళ్ళల్లో పప్పూ చారూ తప్ప ఏమీ పుట్టవని. ఫెస్ట్‌కి షార్ట్ ఫిల్మ్ తీయాలని ఫస్టియర్ నుంచి నా కోరిక. నా ల్యాప్‌టాప్‌లో దానికో ఫోల్డర్ ఉంది. అందులో 11 స్క్రిప్టులున్నాయి. టైమ్ లూప్, రోబో తిరుగుబాటు, మనిషి మెదడుని హ్యాక్ చేయడం. ఒక్కటీ నాలుగో పేజీ దాటలేదు. అన్నిట్లోనూ హీరో పేరు ఆర్యన్. వాడికి అమ్మ లేదు, నాన్న లేడు, నానమ్మ అసలే లేదు. వాడు పొద్దున ఏం తిన్నాడో కూడా నేను ఎక్కడా రాయలేదు.

అందుకే జంధ్యాల గారి జీవితం చదువుతున్నప్పుడు ఒక్కటే వెతికాను. ఈయనకి ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి?

ఆయన పూర్తి పేరు జంధ్యాల వీర వెంకట దుర్గా శివ సుబ్రహ్మణ్య శాస్త్రి. మన ఓఎంఆర్ షీట్ మీద పేరు గడుల్లో పట్టదు. 1951 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో, పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో పుట్టారు. లేసు అల్లికలకి పేరున్న ఊరు. మా నానమ్మది పాలకొల్లు దగ్గర పల్లె. ఆ సంగతి చెప్పగానే, అయితే మావాడే అని ఆయన్ని బంధువుల్లో కలిపేసుకుంది.

పెరిగిందీ చదివిందీ విజయవాడలో. ఆ రోజుల్లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రం, పుస్తకాలు వేసే ప్రచురణకర్తలు, గాంధీనగర్ నిండా సినిమా పంపిణీ ఆఫీసులు, వీటన్నిటితో పాటు నాటకాలు ఉండేవి. జంధ్యాల బి.కాం. చదివారు కానీ మనసు నాటకం మీద. కాలేజీ వయసు నుంచే రాశారు, వేశారు. ఏక్ దిన్ కా సుల్తాన్, గుండెలు మార్చబడును లాంటి నాటకాలు ఆయనకి పేరు తెచ్చాయి.

నాటకం గురించి నాకు పెద్దగా తెలీదు. ఒకటి మాత్రం అర్థమైంది. నాటకంలో జోకు పేలకపోతే అప్పటికప్పుడే తెలిసిపోతుంది. మన భాషలో చెప్పాలంటే కంపైలర్ ఎదురుగా కుర్చీలేసుకుని కూర్చుంటుంది. ఎర్రర్ వస్తే దగ్గుతుంది, ఆవలిస్తుంది, బయటికి వెళ్ళి పల్లీలు కొనుక్కుంటుంది. జంధ్యాల మాటల్లో కనిపించే ఆ లెక్క, ఎక్కడ ఆగాలి, ఎక్కడ పరిగెత్తాలి అనేది, అక్కడే కుదిరి ఉంటుందని నా నమ్మకం.

తెలుగు సినిమా అప్పట్లో మద్రాసులో ఉండేది. ఆయనా అక్కడికే వెళ్ళారు. 1976లో కె. విశ్వనాథ్ గారి సిరిసిరిమువ్వకి మాటలు రాశారు. తర్వాత ఆయన రాసిన సినిమాల పేర్లు వరసగా చూస్తే ఇవన్నీ ఒకే మనిషివేనా అనిపిస్తుంది. 1977లో అడవిరాముడు, 1979లో వేటగాడు. రెండూ ఎన్టీఆర్ గారి మాస్ సినిమాలు. వేటగాడులో రావు గోపాలరావు గారు ప్రాసతో దంచే డైలాగులు జంధ్యాల రాసినవే. వెంటనే 1980లో శంకరాభరణం. సంగీతం తప్ప ఇంకేమీ పట్టని ఒక పెద్దాయన కథ. అక్కడ మాట తక్కువ, మౌనం ఎక్కువ. తర్వాత సప్తపది, సాగర సంగమం. ఇంకా తర్వాత జగదేకవీరుడు అతిలోకసుందరి, ఆదిత్య 369. ఆదిత్య 369 మళ్ళీ 2025లో థియేటర్లలోకి వచ్చింది. ఆ టైమ్ మెషీన్ సినిమాలో మనుషులు మాట్లాడుకునే తెలుగు కూడా ఈయనదే. నా టైమ్ లూప్ స్క్రిప్టులకి, ఆ టైమ్ మెషీన్‌కి తేడా ఏంటో అప్పుడే తెలిసింది. దాంట్లో మెషీన్ కంటే ముందు మనుషులున్నారు.

దర్శకుడిగా మొదటి సినిమా 1981లో ముద్దమందారం. కొత్త నటులు ప్రదీప్, పూర్ణిమ. పెద్ద హీరోలకి మాటలు రాసి గెలిచిన మనిషి, తన వంతు వచ్చినప్పుడు పెద్ద హీరో కోసం చూడలేదు. ఓ చిన్న ప్రేమకథ తీసుకున్నారు. 1982లో నాలుగు స్తంభాలాట, ఆ వెంటనే రెండు జెళ్ళ సీత. 1984లో శ్రీవారికి ప్రేమలేఖ. మొత్తం మీద దాదాపు 40 సినిమాలు తీశారు.

ఆ పేర్లు ఒకసారి పైకి చదవండి. నాలుగు స్తంభాలాట పిల్లలు వసారాలో ఆడుకునే ఆట. రెండు జెళ్ళ సీత అంటే వీధిలో ఎదురయ్యే పిల్ల, రెండు జడలేసుకుని. బాబాయ్ హోటల్ అంటే విజయవాడ వాళ్ళు ఇడ్లీ కోసం గుర్తుచేసుకునే పేరు. చూపులు కలిసిన శుభవేళ, వివాహ భోజనంబు, అహ నా పెళ్ళంట అనేవి మాయాబజార్ పాటల్లోంచి జనం నోళ్ళలో నానిన మాటలు. రెండు రెళ్ళు ఆరు అనేది మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల. దాన్నీ ఆయన సినిమా తీశారు. ఆ పేరు నాకు రెండు రోజుల తర్వాత వెలిగింది. రెండు రెళ్ళు నాలుగు కదా! ఎక్కాలు ఇంగ్లీష్‌లో నేర్చుకున్నవాడికి ఆ తప్పు కనపడదు. తప్పు కనపడకపోతే జోకూ కనపడదు. తెలుగు రాకపోతే ఏం పోతుంది అని అడిగేవాళ్ళకి ఇప్పటి నుంచి నేను ఈ ఉదాహరణే చెప్తాను.

ఈ పేర్లలో స్వర్గం లేదు, సింహాసనం లేదు. ఆటలు, జడలు, ఎక్కాలు, ఇడ్లీలు, పాత పాటలు ఉన్నాయి. మధ్యతరగతి ఇంట్లో ఖర్చు లేకుండా దొరికే సంతోషాలు. కథలు కూడా అన్నీ తన బుర్రలోంచే పుట్టాలని ఆయన పట్టు పట్టలేదు. శ్రీవారికి ప్రేమలేఖకి మూలం పొత్తూరి విజయలక్ష్మి గారి ప్రేమలేఖ నవల. ఎవరో తెలియని అబ్బాయికి ఒక అమ్మాయి సరదాగా రాసి పడేసిన ఉత్తరం, దాన్ని పట్టుకుని ఆమె కోసం వెతికే అబ్బాయి, అంతే కథ. చంటబ్బాయికి మూలం మల్లాది గారి నవల. అహ నా పెళ్ళంటకి మూలం ఆదివిష్ణు గారి సత్యంగారి ఇల్లు. కథ ఎవరిదైనా ఆ ఇంట్లో మనుషుల్ని కూర్చోబెట్టడం మాత్రం జంధ్యాల పని. ప్రతి మనిషికీ ఏదో ఒక పిచ్చి ఇస్తారు. ఒకరికి సినిమా పిచ్చి, ఒకరికి పిసినారితనం, ఒకరికి కవిత్వం. చంటబ్బాయిలో శ్రీలక్ష్మి గారు పత్రికాఫీసుకి వెళ్ళి ఎడిటర్‌కి తన కవితలూ వినిపిస్తుంది, తన వంటలూ తినిపిస్తుంది. రెండిట్లో ఏది ఎక్కువ ప్రమాదమో చెప్పలేం. నేనీ వ్యాసం మన క్లబ్ ఎడిటర్‌కి పంపుతున్నప్పుడు ఆ సీనే గుర్తొచ్చింది. వంట పంపలేదు కాబట్టి క్షమించాలి.

నటుల్ని కూడా ఆయన అలాగే చూశారు. వీరభద్రరావు గారు విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన మనిషి. వేలు గారిది నాటకాల నేపథ్యం. ఇద్దరివీ మన పక్కింటి మొహాలు. నాలుగు స్తంభాలాటతో వాళ్ళ పేర్ల ముందు సుత్తి చేరింది, జీవితాంతం వదల్లేదు. మనం ఇప్పుడు క్లాసులో సుత్తి అని విసుక్కుంటామే, ఆ మాట జనం నోట అంతగా నానడానికి ఆ జంటే పెద్ద కారణం. అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేసిన బ్రహ్మానందం గారు ఇంటింటికీ తెలిసింది 1987లో అహ నా పెళ్ళంటతో. అంటే మన వాట్సాప్ గ్రూపుల్లో సగం మీమ్స్‌కి తాతగారు జంధ్యాలే అన్నమాట. ఆ సినిమా నిర్మాత డి. రామానాయుడు గారు. నేను రోజూ చూసే ఆ కొండ మీది స్టూడియోకి ఉన్న పేరు ఆయనదే.

అహ నా పెళ్ళంటలో కోట శ్రీనివాసరావు గారి సీను మీ అందరికీ తెలుసు. పిసినారి లక్ష్మీపతి కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. చికెన్ కూరతో తింటున్నట్టు ఊహించుకుంటాడు. చిన్నప్పుడు ఆ క్లిప్ చూసి పిసినారి జోకు అనుకున్నాను. ఈసారి చూస్తే ఇంకోటి కనిపించింది. ఆ మనిషి ఊహ ఎంత బలమైంది! కోడి ఉంది, కూర లేదు, అయినా ఆ ముద్దలో రుచి వస్తోంది. జంధ్యాల ఆ సీనుని ఊరికే నవ్వించడానికి రాసి ఉండొచ్చు. కానీ నాకు మాత్రం అది ఊహతో బతికే ప్రతివాడి బొమ్మలా కనిపించింది. ఎదురుగా ఉన్న చిన్న వస్తువుని పట్టుకుని, లేని రుచిని పుట్టించడం. నేనేమో కోడి కూడా లేకుండా కళ్ళు మూసుకుని ముద్దలు మింగుతున్నాను. అందుకే నాలుగో పేజీ దగ్గర ఆకలేసి ఆపేసేవాణ్ణి.

జంధ్యాల అంటే హాస్యమే అని అందరూ అంటారు. నేనూ అలాగే అనుకుని ఆనందభైరవి పెట్టాను. గిరీష్ కర్నాడ్ గారు కూచిపూడి గురువు. మగవాళ్ళే వేషాలు కట్టే సంప్రదాయంలో ఆయన ఒక అమ్మాయికి నాట్యం నేర్పుతాడు, ఊరితో పేచీ వస్తుంది. అదే చేతిలోంచి వచ్చిన సినిమా అని నమ్మడానికి టైం పట్టింది. తర్వాత ఆలోచిస్తే మరీ వింతేం కాదనిపించింది. ఇక్కడ కూడా ఒక మనిషికి ఒక పిచ్చి ఉంది. హాస్య సినిమాలో ఆ పిచ్చి ఇంట్లోవాళ్ళని విసిగిస్తుంది. ఇక్కడ అది అతని దగ్గరున్నదంతా అడుగుతుంది. 1992లో ఆపద్బాంధవుడులో ఆయనే నటించారు కూడా, హీరోయిన్ తండ్రిగా, కవి పాత్రలో. ఆ మొహం ఎంత నెమ్మదిగా ఉంటుందో! ఇన్ని తిట్లూ ఇన్ని నవ్వులూ కనిపెట్టిన మనిషి ఈయనేనా అనుకున్నాను.

అన్నీ నచ్చాయని చెప్తే అబద్ధం అవుతుంది. కొన్ని జోకులు ఇవాళ నాకు గుచ్చుకున్నాయి. ఒకరి ఒంటిని చూసి, ఒకరి మాట తీరుని చూసి నవ్వించే చోట్ల నవ్వు రాలేదు. అమ్మ ఇంకో మాట అంది. ఈ సినిమాల్లో మొగుళ్ళకి విసుగు, పెళ్ళాలకి పిచ్చి ఎందుకు పంచారు అని. ఆ సినిమా కథలు చెప్పే ఆవిడ మాట ఎవరైనా మామూలుగా వింటే ఆవిడకి అంత పూనకం వచ్చేదా అని కూడా అంది. నాన్న ఏదో అనబోయి ఊరుకున్నాడు.

అమ్మ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నిజమే, ఆ ఇంట్లో అందరికంటే బాగా కథ చెప్పగలిగేది ఆవిడే. ఏదీ మర్చిపోదు. చూసింది చూసినట్టు కళ్ళ ముందు పెడుతుంది. వినేవాళ్ళే లేరు. జంధ్యాల ఆవిణ్ణి చూసి మనల్ని నవ్వించారు, అది నిజం. కానీ నాకు తోచింది ఇంకోటి కూడా ఉంది. ఆవిడ చెప్పే ప్రతి ముక్కనీ ఆయన కూర్చుని రాశారు. ఏ మాట తర్వాత ఏ మాట వస్తే ఆవిడకి ఊపొస్తుందో లెక్క చూసుకుని రాశారు. అంటే సినిమాలో ఎవరూ పూర్తిగా వినని ఆ మనిషిని ఆయన పూర్తిగా విన్నారు. ఎక్కడో ఒక ఇంట్లో, ఒక అరుగు మీద, అలాంటి మనిషి చెప్తుంటే చెవులు అప్పగించకపోతే అది రాయడం సాధ్యం కాదు. నాకు దొరికిన జవాబు ఇదే. ఆయనకి ఇవన్నీ ఎక్కడి నుంచో దిగి రాలేదు. మనం సుత్తి అని తోసేసే మాటల్ని ఆయన తోసేయలేదు.

90ల మధ్యకి వచ్చేసరికి ఆయన డైరెక్ట్ చేసే సినిమాలు తగ్గాయి. సినిమా మద్రాసు వదిలి మెల్లగా హైదరాబాద్ వచ్చి స్థిరపడింది. జూబ్లీ హిల్స్ రాళ్ళ మధ్య స్టూడియోలు, ఇళ్ళు లేచాయి. సినిమాల సైజు మారింది, ఫారిన్ పాటలు, ఎగిరే సుమోలు వచ్చాయి. 2001 జూన్ 19న ఆయన ఈ హైదరాబాద్‌లోనే గుండెపోటుతో పోయారు. వయసు 50. మా నాన్నకి ఇప్పుడు 49. ఆ లెక్క చేసినప్పుడు కొంచెం భయమేసింది. ఆయన పోయిన ఐదేళ్ళకి నేను పుట్టాను. ఆయన బతికుండగా ల్యాండ్‌లైన్ ఫోన్ల మీద, ఉత్తరాల మీద నడిచిన కథలు ఇప్పుడు నా ఫోన్‌లో నడుస్తున్నాయి. ఇన్‌లాండ్ లెటర్ అంటే ఏంటో నాన్న కాగితం మడిచి చూపించాల్సి వచ్చింది. కానీ ఆ ఉత్తరం అందుకున్న కుర్రాడి మొహంలో ఆత్రం ఏంటో ఎవరూ చూపించక్కర్లేదు. బ్లూ టిక్ కోసం చూసే మొహం అదే.

ఇంక నానమ్మ సంగతి చెప్పి ముగిస్తాను.

రెండో రోజు నేను నోట్‌బుక్ పట్టుకుని సీరియల్ ముందు కూర్చున్నాను. డీబీఎంఎస్ నోట్స్ వెనక పేజీల్లో చీర రంగులు రాసుకున్నాను. ఆ రోజు ఆరు నిమిషాలు చెప్పగలిగాను. మాట దొరకని చోట నానమ్మే అందించింది. వాలకం, నంగనాచి, చిటపటలాడటం, గుంభనంగా ఉండటం, మొహం కందగడ్డలా చేసుకోవడం. ఒక్కో మాటా విప్పి చెప్పింది. గుంభనంగా ఉండటం ఎలాగో నటించి చూపించింది, నల్ల కళ్ళద్దాలతో. నాలుగో రోజుకి నేను టైటిల్స్ దగ్గర నుంచి మొదలుపెట్టాను. సమర్పించు వారు ఫలానా పసుపు పొడి అనగానే నానమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వితే కంటికి మంచిది కాదని అమ్మ నన్ను తిట్టింది.

ఐదో రోజు ఎపిసోడ్ ఘోరం. 20 నిమిషాలూ అందరూ ఒకరినొకరు చూసుకోవడం తప్ప ఏమీ జరగలేదు. చెప్పడానికేం లేదు. నానమ్మ ఏమో చెంగు సర్దుకుని రెడీగా కూర్చుంది. అప్పుడు నాకు తెలీకుండానే ఒక సీను కల్పించేశాను. ఆ గయ్యాళి అత్తగారు అర్ధరాత్రి వంటింట్లోకి పిల్లిలా వెళ్ళింది. డాక్టర్ కారం మానేయమన్నాడు కదా, చీకట్లో తడుముకుంటూ ఆవకాయ జాడీ మూత తీసింది. ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. వెనక అలికిడైంది. చూస్తే పెద్దకోడలు, చేతిలో అన్నం గిన్నెతో. ఇద్దరూ ఒక్క నిమిషం చూసుకున్నారు. కోడలు ఏమీ అనకుండా గిన్నె కింద పెట్టి, నెయ్యి తీసుకురావడానికి వెళ్ళింది. అక్కడ ఎపిసోడ్ అయిపోయింది అన్నాను.

నానమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పెద్దకోడలు మంచిదేరా, నేను ముందే అనుకున్నాను అంది.

వారం అయ్యాక కళ్ళద్దాలు తీసేశారు, టీవీకి పర్మిషన్ వచ్చింది. నానమ్మ ఏడున్నరకి సోఫాలో కూర్చుంది. తెర మీద అత్తా కోడళ్ళు మళ్ళీ అరుచుకుంటున్నారు. ఆవకాయ ఊసే లేదు. రెండు రోజులు చూసింది, మూడు రోజులు చూసింది. ఇంక నాకు లోపల దడగా ఉంది. నాలుగో రోజు యాడ్స్ వచ్చినప్పుడు నావైపు తిరిగింది. ఆ ఆవకాయ సీను నువ్వే పెట్టావు కదూ అని అడిగింది. అవునన్నాను. మొత్తం సీరియల్‌లో అదొక్కటే బాగుందిరా అంది. అని మళ్ళీ టీవీ వైపు తిరిగిపోయింది.

నా ఫోల్డర్‌లో ఇప్పుడు 12వ ఫైల్ ఉంది. హీరో పేరు ఆర్యన్ కాదు. అసలు హీరోనే కాదు, ఒక పెద్దావిడ, ఒక జాడీ. మొన్నే ఐదో పేజీ మొదలైంది.